పైన తాడు పట్టుకున్నవాడు

బెహరీన్ ఆస్పత్రిలో మా వార్డులో తెలుగువాడెవడు చేరినా నాకే కబురొచ్చేది. "పద్మజా, మీ మనిషి" అని మలయాళీ సిస్టర్లు ఫైలు నా చేతిలో పెట్టి తప్పుకునేవారు. తొంభై ఆరు మే నెలలో అలా నా చేతికొచ్చిన ఫైలు మీద సోమరాజు అని ఉంది. వయసు నలభై ఆరు. భవనాలు కట్టే కంపెనీలో కూలీ. ఎడమ కిడ్నీ రాళ్ళతో మూసుకుపోయి చీము పట్టింది. తీసెయ్యకపోతే ఆ విషం రక్తంలో కలుస్తుందని, మూడు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలని పెద్ద డాక్టరు రాశాడు.

"సోమరాజు గారూ!" అని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. కిటికీవైపు చూస్తున్నాడు. మూడోసారి భుజం తడితే ఉలిక్కిపడి, "నన్నేనాండీ?" అన్నాడు.

నాకు ఓపిక తక్కువ. ఉన్న కాస్తా పద్నాలుగేళ్ళ నర్సు ఉద్యోగం తినేసింది. "ఈ మంచం మీద ఇంకెవరున్నారయ్యా?" అని కసిరి, ఫైల్లో చెవులు పరీక్ష చేయించాలని రాసిపడేశాను. చెవుల డాక్టరు మర్నాడు పొద్దున్నే వచ్చి చూశాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయని చెప్పి, నన్ను అదోలా చూసి వెళ్ళాడు.

చెవులు బాగానే ఉన్నాయి, మనిషే వింతగా ఉన్నాడు. నలభై ఆరంటే నమ్మబుద్ధి కాలేదు, తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. పేరేమిటని ఎవరడిగినా నోటితో చెప్పడు. జేబులోంచి సీపీఆర్ అనే గుర్తింపు కార్డు తీసి చూపిస్తాడు. మందులన్నీ బుద్ధిగా మింగుతాడు, సూదికి చెయ్యి చాపుతాడు. ఆపరేషన్ కాగితం ముందు పెడితే మాత్రం చేతులు వెనక్కి తీసుకుంటాడు.

మత్తు డాక్టరు ఐమన్ ఈజిప్టు మనిషి. మంచం దగ్గరికి తనే వచ్చి, నా చేత తెలుగులో చెప్పించాడు. ఏమీ తెలియకుండా నిద్రపోతావు, అంతా అయ్యాక పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాను, కళ్ళు తెరువు, అంతే. ఈ మాటలు వేలమందికి చెప్పి ఉంటాడు, అందరూ కుదుటపడి ఉంటారు. ఇతని మొహం మాత్రం తెల్లబోయింది.

"వద్దండి. నాకు ఆపరేషనొద్దు. కేంపుకి పంపించెయ్యండి."

"చస్తావయ్యా."

"ఆయ్. తెలుసండి."

ఆ "ఆయ్" వినగానే నాకు కోపం పోయి బెంగ పుట్టింది. మా అమ్మమ్మ ఊరు కోనసీమ. ఆ ఒక్క మాటకి మెత్తబడిపోతానని నాకూ తెలుసు.

ఆ సాయంత్రం చూడవచ్చేవాళ్ళ వేళకి గౌస్ వచ్చాడు. కంపెనీ బండి నడిపే జగిత్యాల మనిషి. ఖర్జూరాలు, ఉతికిన లుంగీ తెచ్చాడు. "సోమన్నా, ఏందే, సంతకం జేస్తలేవట? దుబాయికి బతకనీకి వచ్చినవా, సావనీకి వచ్చినవా?" అని మంచం మీదే కూర్చున్నాడు. జగిత్యాల వాళ్ళకి గల్ఫంతా దుబాయే. సోమరాజు నవ్వలేదు. నావైపు తిరిగి, "సిస్టరు గారండీ, మత్తిచ్చాక మనిషి ఎక్కడికెల్తాడండి?" అని అడిగాడు.

"ఎక్కడికీ పోడు. ఈ మంచం మీదే ఉంటాడు."

"ఒళ్ళు ఉంటాదండి. మనిషండీ?"

నేను క్రైస్తవురాలిని. చిన్నప్పుడు చర్చిలో అందరితోపాటు గడగడా అప్పజెప్పిన విశ్వాస ప్రమాణంలో ఒక చోటు పేరు ఉంది. ప్రభువు చనిపోయాక, మూడో రోజు లేచేముందు అక్కడికే దిగాడని. అదృశ్యలోకం. కళ్ళకు కనబడని లోకం. పెద్దయ్యాక ఎప్పుడూ దాని గురించి ఆలోచించిన పాపాన పోలేదు. ఆ మాటే అతనికి చెప్పాను. చెప్పాక, మత్తుకీ దానికీ ఏం సంబంధమని నన్ను నేనే తిట్టుకున్నాను.

గౌస్ ఊరుకుంటాడా? "మా దాంట్ల బర్జఖ్ అంటరు. అది దోజఖ్ అనే నరకం గాదు, జన్నత్ అనే సర్గం గాదు. నడిమిట్ల. ఖయామత్ దాంక, లోకం ఆఖరైన దినం దాంక ఆడ్నే ఉండాలె. కబర్ల పండవెట్టినంక ఇద్దరు ఫరిష్తాలు, మీ దేవదూతలసుంటోళ్ళు, వచ్చి సవాళ్ళు అడుగుతరు. గప్పుడు మా ముల్లాసాబ్ కబర్ కాడ నిలవడి, ఫలానా అమ్మ కొడకా అని పిలిచి, జవాబులు యాది జేస్తడు. నాయిన పేరు గాదు, అమ్మ పేరే."

"అమ్మ పేరెందుకు?" అన్నాను.

"నాయిన పేరు కాయితాల మీద ఉంటది సిస్టరమ్మా. అమ్మ ఎవరన్నదానికి కాయితం ఎందుకు?"

అప్పుడే వార్డు చుట్టి వస్తున్న ఐమన్ మా గుంపు చూసి ఆగాడు. సంగతి చెబితే ఆయనకీ ఉత్సాహం వచ్చింది. తమ దేశంలో పాతరాజుల కాలంలో ఆ చోటుని దువాత్ అనేవారట. దానికి పన్నెండు ద్వారాలు. ద్వారానికొక కాపలాదారు. వాడి పేరు తప్పు లేకుండా చెబితేనే తలుపు తీస్తాడట.

"మన పేరు అడగరాండీ?" అన్నాడు సోమరాజు. నేను అడిగి చెప్పాను.

"పేరు పోయినవాడు మొత్తానికే పోయినట్టు. అందుకేగా రాళ్ళనిండా పేర్లు చెక్కించుకున్నారు" అని ఐమన్ నవ్వి, కాగితం సంగతి తేల్చమని నాకు సైగ చేసి వెళ్ళిపోయాడు.

"మీరేమంటారయ్యా దాన్ని? యమలోకమనేగా?" అని సోమరాజుని అడిగాను.

"యమలోకం ఏరండి, పాతాళం ఏరండి. మాది నూతుల పని. తవ్వగా తవ్వగా నీరు పడితే పాతాళగంగ పడిందని కొబ్బరికాయ కొడతాం. పాతాళమంటే మాకు బయం ఉండదండి. అక్కడ నీళ్ళుంటాయి." ఆ నాలుగు ముక్కలు మాట్లాడినంతసేపూ అతని మొహం వేరేగా ఉంది. పని తెలిసినవాడి మొహం.

పక్క మంచం మీద అబూబకర్ ముసలాయన పడుకుని ఉన్నాడు. గలాలీ ఊరివాడు, డెబ్బై దాటినవాడు. కుర్రతనంలో ముత్యాల పడవల మీద మునక వేసేవాడు. బొంబాయి వర్తకులతో తిరిగి నేర్చిన పాత హిందీ ఆయనది. పాతాళంలో నీళ్ళుంటాయన్న మాట నా చేత హిందీలో చెప్పించుకుని లేచి కూర్చున్నాడు. మాకు దానికి పేరేం లేదు, అడుగు అనేవాళ్ళం అన్నాడు. ఆ అడుగున, ఉప్పుసముద్రం కింద, తియ్యటి నీటి ఊటలుండేవట. తోలుతిత్తులు పట్టుకుని మునిగి, పడవలో అందరికీ తాగే నీళ్ళు అక్కడినుంచే నింపి తెచ్చేవాడట.

సోమరాజు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. వచ్చీరాని హిందీలో, "పైకి ఎలా వచ్చేవారు హాజీ? ఎవరైనా పిలిచేవారా?" అన్నాడు.

"నీళ్ళ కింద పిలుపు వినబడుతుందా పిచ్చివాడా? తాడు. నేను లాగితే పైవాడు గుంజుతాడు. నా ప్రాణం వాడి చేతిలో."

"ఆ తాడు ఎవరి చేతికిచ్చేవారు?"

అబూబకర్ బోసినోటితో నవ్వాడు. "నా పెళ్ళాం తమ్ముడికి. అన్నదమ్ములకిస్తే ఇల్లు కలిసొస్తుందని వదిలేస్తారేమో. బావమరిది వదలడు. వదిలితే విధవయ్యేది వాడి అక్కేగా!"

గౌస్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. సోమరాజు గోడవైపు తిరిగి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. కాసేపటికి ఆ దుప్పటి కదలడం చూశాను. మగవాళ్ళ ఏడుపులు నేను చాలా చూశాను, నొప్పికి ఏడ్చేది వేరుగా ఉంటుంది. గౌస్‌ని పంపించేసి తెర లాగాను.

మర్నాడు డ్యూటీకి అరగంట ముందే మహూజ్ పేటలోని నా గది నుంచి బయలుదేరి వెళ్ళాను. అతను కూర్చునే ఉన్నాడు. నిద్రపోయినట్టు లేదు. నేను అడక్కముందే మొదలుపెట్టాడు.

"ఆ కాయితం మీద పేరు నాది కాదండి. మా బావది. నా పేరు మంగరాజు."

నేను తెర సరిగ్గా లాగి ఉందో లేదో చూసుకుని స్టూలు మీద కూర్చున్నాను.

"మా అక్క నూకరత్నం మొగుడండి. ఇద్దరం కలిసి నూతుల్లో పూడిక తీసేవోళ్ళం. ఆయన దిగేవోడు, నేను పైన తాడట్టుకునేవోణ్ణి. తొంభైలో, ఎండాకాలం, తుని అవతల జీడితోటలో ఒక పాత నుయ్యి ఒప్పుకున్నామండి. అప్పటికే బావకి బెహరీన్ ఈసా వచ్చేసింది. ఇదే ఆఖరి నుయ్యిరా మంగా, అన్నాడు."

గ్లాసులో నీళ్ళు అందించాను. తాగలేదు.

"బీడీ ముట్టించుకుందామని తాడు చెట్టుకి చుట్టి నాలుగడుగులు పక్కకెల్లానండి. నాలుగే. నూతిలో గాలి చెడిపోయింది. బావ తాడు లాగే ఉంటాడండి. లాగినప్పుడు అది నా చేతిలో లేదు."

"అరవలేదా?"

"ఆయన అరిచాడో లేదో తెలీదండి. నేను అరిచాను. గట్టు మీద పడి బావా, బావా అన్నాను. పేరెట్టి పిలవలేదు. బావని పేరెట్టి పిలుస్తామాండీ? మా చిన్నప్పుడు జొరమొచ్చి కలవరిస్తంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి పేరెట్టి మూడుసార్లు పిలిచేదండి. పేరెట్టి పిలిస్తేనే మనిషి తిరిగొస్తాడంట. నేను పిలవలేదు."

తోట యజమాని పోలీసులకి భయపడ్డాడు. శవాన్ని పైకి తీయించి అక్కడే కాలవగట్టున కాల్పించేశాడు. వారం తిరక్కుండా ఏజెంటు ఇంటికొచ్చాడు. ఈ వీసా మళ్ళీ రాదు, పాస్‌పోర్టు మీద ఫొటో ఒక్కటి మారిస్తే సరిపోతుంది, కాకపోతే చావు సంగతి బయటికి పొక్కకూడదు అన్నాడు. తల్లి, అక్క, తను, ముగ్గురే కూర్చుని ఒప్పుకున్నారు. ఊరి లెక్కలో బావ బెహరీన్ వెళ్ళాడు, మంగరాజు సూరత్ మిల్లుకి వెళ్ళాడు.

"కర్మ చెయ్యలేదండి. అక్క బొట్టు అలాగే ఉంది. ఎవరైనా వింటారని గట్టిగా ఏడవను కూడా లేదు. ఇప్పుడా డాక్టరు గారు ఆ పేరెట్టి మూడుసార్లు పిలుస్తానంటన్నారు. నేనూ కిందే ఉంటాను, బావా కిందే ఉన్నాడు. పైనుంచి ఆ పేరెట్టి పిలిస్తే ఎవరొస్తారండి? ఆరేళ్ళనుంచి పిలుపు కోసం చూస్తన్నోడు ఆయన."

అలాంటిదేం ఉండదయ్యా అనబోయాను. నర్సుగా చెప్పాల్సింది అదే. కానీ నా ఎదురుగా ఉన్నవాడు మూఢనమ్మకంతో బెదిరిపోతున్న అమాయకుడు కాడు. చావాల్సింది తనే అని లోపల తీర్పు చెప్పేసుకున్నవాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టకపోవడం కూడా ఆ తీర్పులో భాగమే. అది అర్థమయ్యాక నాకు భయం వేసింది.

అసలు పేరు ఇప్పుడు బయటపెడితే ముందు పోలీసులొస్తారు, తర్వాత వీసాకి పూచీ ఉన్న కంపెనీ కఫీల్ వస్తాడు, కిడ్నీ సంగతి ఆఖరికి వస్తుంది. అంత టైము అతని రక్తానికి లేదు. దాచిపెడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఫైలు వంక చూస్తూ కూర్చున్నాను. గౌస్ మాట అప్పుడు గుర్తొచ్చింది.

"మీ అమ్మ పేరేంటి?"

"సుబ్బాయమ్మండి."

"మీ బావ వాళ్ళమ్మ?"

"దేవుడమ్మండి. ఎప్పుడో పోయారు."

"అయితే విను. ఆ పేరు పెట్టి పిలవనివ్వను. నీ పేరూ పిలవను. సుబ్బాయమ్మ కొడుకా అని పిలుస్తాను. ఆ పిలుపు మీ బావది కాదు. నీదే. వస్తావా?"

కాగితం అందుకున్నాడు. సంతకం చెయ్యబోయి కలం పక్కన పెట్టేశాడు. "ఏలిముద్ర ఏస్తానండి. ఏలు నాదే కదండీ" అన్నాడు.

ఐమన్ దగ్గరికి వెళ్ళి, అతన్ని నేనే పిలుస్తాను, మా భాషలో పిలుస్తాను, అలా అయితేనే ఒప్పుకున్నాడని చెప్పాను. కారణం చెప్పలేదు. ఆయన భుజాలెగరేసి, "కళ్ళు తెరిస్తే చాలు. కావాలంటే పాట పాడు" అన్నాడు.

ఆపరేషన్ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి మొదలై పదిన్నరకి అయింది. నా డ్యూటీ కాని చోట నిలబడటానికి ఇద్దరు సిస్టర్లని బతిమాలుకున్నాను. చీము బాగా ఉందని, ఇంకో రెండు రోజులైతే దక్కేవాడు కాదని సర్జన్ చెప్పి వెళ్ళాడు. మంచం బయటికి వచ్చింది. గొట్టం తీశారు. ఊపిరి తీస్తున్నాడు, రంగు బాగానే ఉంది.

ఐమన్ చెంప మీద మెల్లగా తట్టి, అలవాటు ప్రకారం వంగి, "సోమరాజు!" అన్నాడు. నేను అందుకునేలోపే మళ్ళీ, "సోమరాజు!"

"డాక్టర్!" అని అరిచాను. పద్నాలుగేళ్ళలో ఏ డాక్టరు మీదా అలా అరవలేదు. ఆయన బిత్తరపోయి వెనక్కి జరిగాడు. అప్పటికే రెండుసార్లయింది. నమ్మకం లేదు లేదనుకుంటూనే ఆ నిమిషంలో మొత్తం నమ్మేశాను. మూడోసారి నాది కావాలి.

చెవి దగ్గర వంగాను. "సుబ్బాయమ్మ కొడుకా!"

కదల్లేదు.

"ఓ సుబ్బాయమ్మ కొడుకా! పైకి రా!"

రెప్ప కూడా ఆడలేదు. ఇంకాసేపట్లో లేస్తాడులే అని ఐమన్ అంటున్నాడు. ముసలాయన చెప్పింది గుర్తొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా రెండుసార్లు గుంజాను, బావిలోంచి చేదని లాగినట్టు. ఆగాను. మళ్ళీ గుంజాను. అప్పుడు అతని వేళ్ళు నా వేళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి. ఒకసారి లాగాడు. బలం లేని లాగుడే గానీ లాగాడు. తర్వాత కళ్ళు తెరుచుకున్నాయి.

మత్తు దిగుతున్నవాళ్ళు నీళ్ళడుగుతారు, అమ్మనడుగుతారు. ఇతను నా వెనక్కి, తలుపువైపు చూశాడు.

"బావ రాలేదాండీ?"

"రాలేదు."

"నేనొక్కణ్ణే వచ్చేశానాండీ?"

అవునన్నాను. కుట్లు లాగుతున్నా ఏడ్చాడు. ఈసారి దుప్పటి కప్పుకోలేదు. ఐమన్ నొప్పి మందు పెంచమని నాకు చెప్పి వెళ్ళాడు. నేను పెంచలేదు. అది మందుతో తగ్గేది కాదు, తగ్గించకూడదు కూడా అనిపించింది.

పది రోజులకి డిశ్చార్జి. ఆ పది రోజుల్లో మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ముసలాయన పక్కన కూర్చుని నూతుల గురించీ సముద్రం గురించీ మాట్లాడుకునేవాడు. వెళ్ళే రోజు అబూబకర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎందుకో ఆ హాజీకి తెలియదు. సంతోషంగా దీవించాడు.

కింద కౌంటర్లో సమీర్ అనే గుమాస్తా కాగితాలు పూర్తి చేస్తున్నాడు. గౌస్ బండి తెచ్చి, పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. నేను డ్యూటీ దిగి వీడ్కోలు చెబుదామని వచ్చి నిలబడ్డాను.

"సోమరాజు!" అని సమీర్ కేకేశాడు.

మంగరాజు కదల్లేదు.

"సోమరాజు!"

"నిన్నే పిలుస్తుండన్నా, లే" అని గౌస్ మోచేత్తో పొడిచాడు. కార్డు తీస్తాడేమో అని జేబు వంక చూశాను. తియ్యలేదు. మూడో కేక పడ్డాక పొట్ట పట్టుకుని మెల్లగా లేచాడు. కౌంటర్ దాకా నడిచి వెళ్ళి, అద్దానికి మొహం దగ్గరగా పెట్టి, తెలుగులోనే చెప్పాడు.

"సోమరాజు చచ్చిపోయాడండి. ఆరేళ్ళయింది. నేను మంగరాజుని."

సోమరాజు అన్న పేరు అతని నోట వినడం నాకదే మొదటిసారి. గౌస్ లేచి నిలబడ్డాడు. సమీర్‌కి ఏమీ అర్థం కాక నావైపు తిరిగి, "ఏమంటున్నాడు సిస్టర్?" అన్నాడు.

పొట్టలో నొప్పిగా ఉందంటున్నాడని చెప్పొచ్చు. బండెక్కించి పంపేయొచ్చు. మంగరాజు నన్ను చూశాడు. "చెప్పండి సిస్టరు గారండీ. నన్ను ఇంటికి పంపేస్తారు. జైలుకైతే జైలుకి. మా అక్కని ఏడవనివ్వాలండి."

అతనన్నది అన్నట్టే చెప్పాను. నాకు ఎప్పటినుంచి తెలుసని ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు, దానికీ నిజమే చెప్పాలనుకున్నాను. సమీర్ కలం కింద పెట్టాడు. కార్డు వంక, మనిషి వంక మార్చి మార్చి చూశాడు.

"మరి ఈ సోమరాజు ఎక్కడున్నాడు?"

అదృశ్యలోకం, బర్జఖ్, దువాత్, పాతాళం అన్నీ నోటిదాకా వచ్చాయి. అందులో ఏదీ నేను చెప్పాల్సింది కాదు. మంగరాజుకి తెలుగులో అదే అడిగాను.

"నూతిలోనే ఉన్నాడండి. తాడు నా చేతిలో ఉందని చెప్పండి" అన్నాడు.

నేను ఒక్క మాట వదలకుండా అరబ్బీలో చెప్పాను.